రాయని నియమం: ఫ్రిట్జ్ పొలార్డ్ ఆట, బతుకు

(ఒక విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒక ఆటగాడి గురించి. మనలో చాలామందికి ఆ ఆటే సరిగ్గా తెలియదు, ఆటగాడి పేరు అసలే తెలియదు. అమెరికన్ ఫుట్‌బాల్ అంటారు గానీ బంతిని ఎక్కువసేపు చేతుల్లోనే పెట్టుకుని ఆడతారు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. బంతి పట్టుకున్నవాడు అవతలివాళ్ల గీత దాటాలి. అవతలివాళ్లు అతన్ని నేల మీద పడేయాలి. కబడ్డీ కూత పెట్టి వెళ్లినవాళ్లకి దీని ప్రాణం వెంటనే అర్థమవుతుంది: ఒక్కడు వెళ్తాడు, అందరూ కలిసి పడేస్తారు. నియమాలు ఇవాళ మనకి ఇంతకుమించి అక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. పడేయడం ఆ ఆటలో నేరం కాదు. పడిపోయినవాడి మీద ఇంకో ముగ్గురు దూకితే, మోకాలితో డొక్కలో పొడిస్తే, అది ఆటా పగా అని తేల్చడం కష్టం. నేను చెప్పే కథలో చాలా భాగం ఆ కష్టం చుట్టూ తిరుగుతుంది.

ఆయన పేరు ఫ్రిట్జ్ పొలార్డ్. అసలు పేరు ఫ్రెడరిక్ డగ్లస్ పొలార్డ్. 1894 జనవరి 27న షికాగోలో పుట్టాడు. బానిసత్వం నుంచి తప్పించుకుని, బానిసత్వానికి వ్యతిరేకంగా దేశమంతా తిరిగి మాట్లాడిన ఫ్రెడరిక్ డగ్లస్ అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు. అంతకు ముందు ఏడాదే, 1893లో, షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో హైతీ దేశపు మంటపానికి ఆయన ప్రతినిధి. ఆ మరుసటేడు అదే ఊళ్లో పుట్టిన పిల్లాడికి ఆ పేరు పెట్టుకున్నారంటే ఎందుకో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన పేటల్లో భీమ్‌రావులు ఎందుకు అంతమంది ఉన్నారో మనకి తెలుసు కదా. అమెరికాలో బానిసత్వం పోయిన సంగతి విని జోతిబా ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని అక్కడి మంచి మనుషులకి అంకితమిచ్చాడు. ఆ చరిత్రకీ మనకీ మధ్య ఉన్న దారి పాతదే. నేను కొత్తగా వేస్తున్నది కాదు.

తండ్రి జాన్ పొలార్డ్ మంగలి. తల్లి కేథరిన్ కుట్టుపని చేసేది. ఎనిమిది మంది పిల్లల్లో ఫ్రిట్జ్ ఏడోవాడు. వాళ్లు ఉన్న రోజర్స్ పార్క్ తెల్లవాళ్ల పేట. చుట్టుపక్కల జర్మన్ మాట్లాడే కుటుంబాలు ఎక్కువ, ఫ్రిట్జ్ అనే ముద్దుపేరు అక్కడే అంటుకుంది. పిల్లలందరినీ చదివించారు. అక్క నయోమీ 1905లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్న తొలి నల్లజాతి మహిళ. అన్న లెస్లీ డార్ట్‌మత్‌లో ఫుట్‌బాల్ ఆడాడు. అంటే ఫ్రిట్జ్ ఎక్కడినుంచో ఊడిపడిన ప్రతిభ కాదు. ఇల్లంతా కలిసి ముందే నడిచిన బాట మీద వచ్చాడు. 'సహజ ప్రతిభ' అనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ మంగలి దుకాణం, ఆ కుట్టుమిషన్ గుర్తొస్తాయి.

అన్నలు అతనికి రెండు నేర్పారు. ఒకటి ఆట. రెండోది, కొట్టించుకున్నా తిరిగి కొట్టకుండా ఉండటం. తెల్లవాడు కొడితే అది ఆటలో భాగం, నల్లవాడు తిరిగి కొడితే అది నేరం, మైదానం బయటికి పంపేస్తారు. కాబట్టి లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ బంతి పట్టుకో, గీత దాటు, అదే జవాబు. ఇది గొప్ప నీతి అని నేను మెచ్చుకోవడం లేదు. ఇది బతకడానికి నేర్పిన ఉపాయం. మన తల్లిదండ్రులు కాలేజీకి పంపేటప్పుడు 'ఎవరితో గొడవ పెట్టుకోకు' అని చెప్పిన మాటకి ఇది అన్నదమ్ముల వరస.

1915లో ఆయన ప్రావిడెన్స్ ఊళ్లోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అది ధనవంతుల బిడ్డలు చదివే చోటు. ఖర్చుల కోసం హాస్టల్ గదిలోనే బట్టలు ఇస్త్రీ చేసే వ్యాపారం పెట్టుకున్నాడు. తండ్రి మంగలి పని, కొడుకు ఇస్త్రీ పని. మన ఊళ్లో అయితే ఈ రెండింటికీ కులం పేరు ఉంటుంది. అక్కడ ఉన్నది కులం కాదు, రంగు. కానీ పక్క గదిలో ఉన్న కుర్రాడి చొక్కా మడతలు సరిచేసి, సాయంత్రం అదే కుర్రాడితో కలిసి జట్టులో చోటు కోసం నిలబడటం ఎలా ఉంటుందో ఈ గదిలో ఊహించలేనివాళ్లు తక్కువే అనుకుంటాను. మనిషి చూస్తే చిన్నవాడు. ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు, బరువు 75 కిలోలు. ఆ ఆటకి అది అప్పట్లోనూ తక్కువే. కానీ పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉన్నచోటే దిక్కు మార్చేవాడు. పట్టుకోబోయినవాడి చేతిలో గాలి మిగిలేది.

1916 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో వాషింగ్టన్ స్టేట్ జట్టుతో రోజ్ బౌల్ ఆట. అక్కడికి వెళ్తే హోటల్లో ఆయనకి గది ఇవ్వనన్నారు. అతనికి ఇవ్వకపోతే మేమందరం వెళ్లిపోతామని జట్టు తరఫున గట్టిగా చెప్పాక ఇచ్చారు. ఆ ఆట బురదలో జరిగింది, బ్రౌన్ 14-0తో ఓడిపోయింది, పొలార్డ్ పెద్దగా ఆడలేకపోయాడు. రోజ్ బౌల్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు అని చరిత్ర రాస్తుంది. నాకు మాత్రం ఆ ఆట కన్నా ఆ హోటల్ గుమ్మమే ముఖ్యం. పక్కవాడు 'నేనూ వెళ్లిపోతా' అంటే తలుపు తెరుచుకుంటుంది. ఆ మాట అనకపోతే ఏమవుతుందో ఇంకో పదిహేడేళ్లకి ఆ దేశం చూపించింది. దానికి వస్తాను.

ఆ ఏడు శరదృతువులో బ్రౌన్ జట్టు యేల్‌ని 21-6తో, వారం తిరక్కుండానే హార్వర్డ్‌ని 21-0తో ఓడించింది. ఒకే సీజన్‌లో ఆ రెండింటినీ ఓడించిన తొలి జట్టు బ్రౌన్. రెండు ఆటల్లోనూ ఫలితం తేల్చింది పొలార్డ్ పరుగులే. గ్యాలరీల్లోంచి ఆయన మీదకి వచ్చిన మాటలు నేనిక్కడ పలకను. ఏడాది చివర వాల్టర్ క్యాంప్ తన దేశవ్యాప్త ఉత్తమ జట్టులోకి పొలార్డ్‌ని తీసుకున్నాడు. క్యాంప్ అంటే ఆ ఆటకి తండ్రి అనిపించుకున్నవాడు, పైగా యేల్ మనిషి. వెనక వరసలో, అంటే బంతి పట్టుకుని పరిగెత్తే స్థానంలో, ఆ జాబితాకెక్కిన తొలి నల్లజాతి ఆటగాడు పొలార్డే.

ఇక్కడ చిన్న పక్కమాట. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ అక్కడికి కొన్ని గంటల రైలు దూరంలో, న్యూయార్క్‌లోని కొలంబియాలో చదువుతున్నాడు. వీళ్లిద్దరికీ ఒకరికొకరు తెలుసని నేను చెప్పడం లేదు, అలాంటిదేమీ లేదు. ఒకే దేశంలో, ఒకే ఏళ్లలో, ఇద్దరు యువకులు తమవాళ్లని రానివ్వని గదుల్లో కూర్చుని చదువుకుంటున్నారు, అంతే.

పొలార్డ్ చదువు మాత్రం సాగలేదు. ఆట, వ్యాపారం, పెళ్లి, వీటి మధ్య మార్కులు పడిపోయాయి. బ్రౌన్ వదిలేశాడు. కొన్నాళ్లు దంతవైద్యం చదవబోయి అదీ వదిలేశాడు. పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయంలో, అది నల్లజాతి విద్యార్థుల కాలేజీ, ఫుట్‌బాల్ శిక్షకుడయ్యాడు. 1919లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణం నుంచి డబ్బిచ్చి ఆడించే జట్టు పిలిచింది.

ఏక్రన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. టైర్ల పట్టణం అది. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ ఫ్యాక్టరీలు అక్కడివే. పని కోసం దక్షిణాది నుంచి తెల్ల కూలీలు వేలకొద్దీ వచ్చి చేరారు, తమ అలవాట్లు కూడా తెచ్చుకున్నారు. 1920ల్లో కూ క్లక్స్ క్లాన్ బాగా బలపడిన పట్టణాల్లో అదొకటి. డబ్బు కోసం ఆడే ఫుట్‌బాల్‌కి అప్పటికి మర్యాద లేదు. కాలేజీ ఆట పెద్దమనుషులది, ఇది ఫ్యాక్టరీ పట్టణాలది. జట్టు యజమానుల్లో ఒకడు ఫ్రాంక్ నీడ్, సిగార్ల దుకాణం నడిపేవాడు. పొలార్డ్ ఆ దుకాణంలో బట్టలు మార్చుకుని, ఆట మొదలయ్యే వేళకి నేరుగా మైదానంలోకి వచ్చేవాడు. వేలమంది టికెట్ కొని చూడటానికి వచ్చేది ఆయన్నే. అయినా మిగతా జట్టుతో కలిసి బట్టలు మార్చుకునే చోటు ఆయనకి లేదు.

మైదానంలో కింద పడ్డాక మీద దూకేవాళ్ల గురించి మొదట్లో చెప్పాను. దానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. పడగానే వెల్లకిలా తిరిగి, మేకులున్న బూట్లు పైకెత్తి, సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించేవాడు. దూకాలనుకున్నవాడు ఆ మేకుల మీదే దూకాలి. అన్నలు చెప్పిన మాట తప్పలేదు, ఎవర్నీ కొట్టలేదు. మీదకొస్తే మీ ఇష్టం అన్నాడు. ఆయన జీవితం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన దృశ్యం ఇదే.

1920 సెప్టెంబర్ 17న ఒహాయోలోనే క్యాంటన్ అనే ఊళ్లో, రాల్ఫ్ హే అనే ఆయన మోటారు కార్ల షోరూంలో కొన్ని జట్ల యజమానులు కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. ఇవాళ్టి ఎన్‌ఎఫ్‌ఎల్, లోకంలోనే అత్యధిక ఆదాయమున్న క్రీడా లీగ్, ఆ షోరూంలో పుట్టింది. తొలి అధ్యక్షుడు జిమ్ థోర్ప్, ఆదివాసీ, ఒలింపిక్ వీరుడు. ఆ మొదటి సీజన్‌లో ఆడిన నల్లజాతి ఆటగాళ్లు ఇద్దరు, రాక్ ఐలండ్ జట్టులో బాబీ మార్షల్, ఏక్రన్‌లో పొలార్డ్. ఏక్రన్ ప్రోస్ ఆ ఏడు ఒక్క ఆట కూడా ఓడలేదు. 8 గెలిచింది, 3 సమం. చివరి ఆట డిసెంబర్ 12న షికాగోలో, జార్జ్ హాలస్ నడిపే డికేటర్ స్టేలీస్ మీద. ఆ ఒక్క ఆట కోసం హాలస్ పక్క జట్టు నుంచి ప్యాడీ డ్రిస్కల్‌ని అద్దెకి తెచ్చుకున్నాడు. అయినా 0-0. ఏక్రనే విజేత అని సంఘం తర్వాత ఏడాది తీర్మానించి ఒక కప్పు ఇచ్చింది. ఆ కప్పుని మళ్లీ ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

1921లో ఏక్రన్ జట్టుకి ఎల్జీ టోబిన్‌తో పాటు పొలార్డ్ కూడా కోచ్. లీగ్ చరిత్రలో తొలి నల్లజాతి ప్రధాన శిక్షకుడని ఇవాళ ఆయన్ని చెప్పుకునేది అందుకే. కొందరు ఇక్కడ మెలిక పెడతారు: అది పేరుకే కదా, టోబిన్ ఉన్నాడు కదా, కాగితాలు ఏవి అని. అప్పటి పద్ధతి తెలిస్తే ఈ మెలిక వీగిపోతుంది. ఆట నడుస్తుండగా మైదానం పక్కనుంచి కోచ్ సలహాలివ్వడం అప్పటి నియమాల ప్రకారం కుదరదు. ఎత్తు ఏమిటో, బంతి ఎవరికో, అక్కడికక్కడ మైదానంలో ఉన్నవాడే తేల్చాలి. అంటే జట్టుని నడిపేది లోపల ఆడుతున్న మనిషే. తెల్ల ఆటగాళ్లు పదిమంది ఒక నల్లవాడి మాట విని అటూ ఇటూ కదలాలి. యజమానులకీ ప్రేక్షకులకీ మింగుడుపడనిది అదే. నల్లవాడు పరిగెత్తితే చప్పట్లు కొడతారు. నల్లవాడు చెప్తే వినాలంటేనే కష్టం.

మనకిది కొత్తగా లేదు. పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. ఆయన బౌలింగ్ కావాలి, కానీ టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో. ఎన్నేళ్లు ఆడినా హిందూ జట్టుకి కెప్టెన్‌ని చేయలేదు. ఆ పదవి చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కి దక్కింది. చెమట ఎవరిదైనా తీసుకుంటారు, పెత్తనం దగ్గరికొచ్చేసరికే వంశం అడుగుతారు. షికాగోలో అయినా, పుణెలో అయినా.

పొలార్డ్ తను దూరిన సందులోంచి ఇంకొందరిని లాగాడు. పాల్ రాబ్‌సన్‌ని ఏక్రన్‌కి తెచ్చింది ఆయనే. అవును, ఆ గాయకుడు రాబ్‌సనే. అప్పుడు కొలంబియాలో న్యాయశాస్త్రం చదువుతూ, వారాంతాల్లో ఆడి ఫీజు సంపాదించుకునేవాడు. 1922లో ఇద్దరూ మిల్వాకీకి మారారు. ఆ ఏడు జిమ్ థోర్ప్ నడిపిన ఊరంగ్ ఇండియన్స్ అనే ఆదివాసీ జట్టుని మిల్వాకీ 13-0తో ఓడిస్తే, ఆ రెండు టచ్‌డౌన్లూ రాబ్‌సన్‌వే. హామండ్ జట్టులో పొలార్డ్‌తో ఆడిన మాయో విలియమ్స్ బ్రౌన్‌లో పాత స్నేహితుడు. ఆ తర్వాత గ్రామఫోన్ కంపెనీలో చేరి మా రేనీ పాటలు రికార్డు చేయించినవాడు ఇతనే. ఈ వివరం ఆటకి సంబంధం లేనిదే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

1926తో ఆ లీగ్‌లో పొలార్డ్ ఆట ముగిసింది. 1920 నుంచి 1933 దాకా మొత్తం 13 మంది నల్లజాతి ఆటగాళ్లు అందులో ఆడారు. 1920ల చివర్లో కొన్ని సీజన్లలో లీగ్ మొత్తానికి డ్యూక్ స్లేటర్ ఒక్కడే. 1933లో ఇద్దరు: షికాగో కార్డినల్స్‌లో జో లిల్లార్డ్, పిట్స్‌బర్గ్‌లో రే కెంప్. 1934లో ఒక్కరూ లేరు. 1945 దాకా లేరు. పన్నెండు సీజన్లు.

చరిత్ర చదివే విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. దీనికి కాగితం లేదు. తీర్మానం లేదు, నిబంధన లేదు, సంతకం లేదు. అడిగితే యజమానులందరూ ఒకే మాట: అలాంటి నియమమేదీ లేదు. ఒకడు తగినవాడు దొరకలేదన్నాడు. లిల్లార్డ్‌ని వదులుకున్న కోచ్ అయితే అతని మీద జాలి చూపించాడు: అవతలి జట్లు అతని మీద గురిపెడుతున్నాయి, అతని వల్ల మా జట్టంతా దెబ్బలు తినాల్సి వస్తోంది, అందుకే అన్నాడు. కొట్టేవాళ్లని ఆపడం మానేసి దెబ్బలు తినేవాణ్ణి పంపేస్తే గొడవ ఉండదు కదా! పాసడీనా హోటల్ దగ్గర 'మేమూ వెళ్లిపోతాం' అన్న గొంతు ఈసారి లేవలేదు. ఆర్థిక మాంద్యం రోజులు, తెల్లవాళ్లకే పనిలేదు, ఆ ఉద్యోగాలు నల్లవాళ్లకెందుకు అన్న లెక్క కూడా కలిసింది. 1932లో లీగ్‌లోకి వచ్చిన జార్జ్ ప్రెస్టన్ మార్షల్ తన జట్టుని దక్షిణాది తెల్లవాళ్ల జట్టుగా అమ్ముకున్న వ్యాపారి. పొలార్డ్ మాత్రం చివరిదాకా వేలు చూపించింది హాలస్ వైపు. హాలస్ కాదన్నాడు. హాలస్ జట్టు షికాగో బేర్స్‌లో 1952 దాకా నల్లజాతి ఆటగాడు లేడన్నది మాత్రం ఎవరూ కాదనలేని సంగతి.

ఆ తలుపు ఎలా తెరుచుకుంది? యజమానుల మనసు మారి కాదు. 1946లో క్లీవ్‌లాండ్ జట్టు లాస్ ఏంజెలస్‌కి మారుతూ అక్కడి కొలీజియం మైదానం అడిగింది. అది ప్రజల సొమ్ముతో కట్టింది. హాలీ హార్డింగ్ లాంటి నల్లజాతి పత్రికా రచయితలు మైదానం కమిషన్ ముందు నిలబడి అడిగారు: మా పన్నులతో కట్టిన చోట మమ్మల్ని ఆడనివ్వని జట్టు ఎలా ఆడుతుంది? ఆ ఒత్తిడికి కెన్నీ వాషింగ్టన్‌ని తీసుకున్నారు, తర్వాత వుడీ స్ట్రోడ్‌ని. 1939లో దేశంలోని కాలేజీ ఆటగాళ్లందరిలో ముందున్నవాడు వాషింగ్టన్. లీగ్ అప్పుడు ముఖం తిప్పుకుంది. పిలిచేసరికి 27 ఏళ్లు, మోకాళ్లకి ఎన్నో ఆపరేషన్లు. మార్షల్ జట్టు అందరికంటే ఆఖరున 1962లో లొంగింది. కారణం మళ్లీ అదే: రాజధానిలో కొత్త స్టేడియం కేంద్ర ప్రభుత్వ భూమిలో ఉంది, మంత్రి స్టువర్ట్ యూడాల్ వివక్ష చూపిస్తే మైదానం వాడుకోనివ్వనన్నాడు. రెండుసార్లూ తలుపు తీసింది ప్రజల భూమి, ప్రజల సొమ్ము. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మీద వాదించేవాళ్లు, ఆ కంపెనీల కింద ఉన్న భూమి ఎవరిదో, రాయితీలు ఎవరివో అడగడానికి ఈ రెండు ఉదాహరణలూ దగ్గర పెట్టుకోవచ్చు.

ఈ పన్నెండేళ్లూ పొలార్డ్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. షికాగో బ్లాక్ హాక్స్ అని నల్లజాతి జట్టు కట్టాడు. తర్వాత హార్లెమ్‌లో బ్రౌన్ బాంబర్స్ జట్టుకి శిక్షకుడయ్యాడు, బాక్సర్ జో లూయిస్ బిరుదు మీద పెట్టిన పేరు అది. నల్లజాతివాళ్ల కోసం పెట్టుబడుల సంస్థ నడిపాడు, మాంద్యంలో అది మునిగింది. హార్లెమ్‌లో ఒక వారపత్రిక, తర్వాత ఒక స్టూడియో, కళాకారులకి పనులు ఇప్పించే ఏజెన్సీ, 1956లో ఒక సంగీత చిత్రం, చివరికి పన్నుల సలహాదారు. కొడుకు ఫ్రిట్జ్ జూనియర్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో, హిట్లర్ చూస్తుండగా జరిగిన ఆ ఆటల్లో, 110 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం తెచ్చాడు.

1954లో కాలేజీ ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో ఆయన పేరు చేర్చారు. 1981లో బ్రౌన్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. వృత్తి ఆట మాత్రం ఆయన్ని గుర్తుంచుకోలేదు. 1986 మే 11న, 92 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ రోజుకి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆయన తర్వాత మరో నల్లజాతి ప్రధాన శిక్షకుడు రాలేదు. మైదానంలో ఆడేవాళ్లలో సగానికి పైగా నల్లవాళ్లు అయిపోయారు, కోచ్ ఒక్కడూ లేడు. రెండోవాడు ఆర్ట్ షెల్, 1989లో, రైడర్స్ జట్టుకి.

2003లో లీగ్ ఒక నియమం పెట్టింది, రూనీ రూల్ అంటారు. ప్రధాన శిక్షకుడి పదవి ఖాళీ అయితే కనీసం ఒక మైనారిటీ అభ్యర్థిని ఇంటర్వ్యూ చేయాలన్నది మొదట్లో ఆ నియమం. దాని అమలు మీద కన్నేసి ఉంచే సంఘానికి పొలార్డ్ పేరే పెట్టారు, ఫ్రిట్జ్ పొలార్డ్ అలయన్స్. చూడండి, నియమం ఇంటర్వ్యూ దాకానే. ఉద్యోగం దాకా కాదు. 2022లో బ్రయాన్ ఫ్లోరెస్ అనే కోచ్ లీగ్ మీద కోర్టుకెక్కాడు: ఉద్యోగం ముందే ఇంకొకరికి ఖాయం చేసుకుని, లెక్క కోసం నన్ను కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశారన్నది ఆయన ఆరోపణ. జట్లు కాదన్నాయి. ఈ గదిలో రిజర్వుడు పోస్టుల ఇంటర్వ్యూలకి వెళ్లొచ్చినవాళ్లున్నారు. 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాసి పోస్టు ఖాళీగా ఉంచిన నోటీసులు చూసినవాళ్లున్నారు. ఫ్లోరెస్ ఏం చెబుతున్నాడో వాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

2005లో, చనిపోయిన 19 ఏళ్లకి, వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో పొలార్డ్‌ని చేర్చారు. ఆ మందిరం ఉన్నది క్యాంటన్‌లో, 1920లో మోటారు కార్ల షోరూం ఉన్న ఆ ఊళ్లోనే.

ఇక మీ ప్రశ్నలు వింటాను. ఆ నియమాలు, ఆ కాళ్ల ఉపాయం, ఏదైనా అడగండి.